మీటరు సున్నా అంది... ఇంజను తిరుగుతూనే ఉంది!

మా అక్కావాళ్ళింట్లో రెండు కార్లూ ఎండకీ మంచుకీ బయటే నిలబడి ఉంటాయి. గ్యారేజీ అంతా ఆరేళ్ళపాటు విమానానిదే. ఈ మాట మా తెనాలిలో ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తరవాత "బొమ్మ విమానమా?" అంటారు. కాదండీ! ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని ఎగిరే అసలు సిసలు విమానం. రెక్కలు, తోక, ముందు ప్రొపెల్లరు, నాలుగు సిలిండర్ల ఇంజను, అన్నీ ఉన్నదే. మా అక్కా బావగారూ ఉద్యోగాల నుంచి వచ్చాక రాత్రిళ్ళూ, శని ఆదివారాలూ కూర్చుని దాన్ని తయారుచేశారు.

2023 మే నెలలో అక్క కూతురు స్కూలు చదువు పూర్తవుతోందంటే, ఆ వేడుక చూద్దామని నేనూ మా పదకొండేళ్ళ వంశీ వెళ్ళాం. విస్కాన్సిన్ రాష్ట్రంలో మిల్వాకీకి కారులో గంట దూరంలో వాళ్ళ ఊరు. మావారికి సెలవు దొరకలేదు. వెళ్ళేముందు నేనేమనుకున్నానంటే, అక్కతో కబుర్లు చెప్పుకోవచ్చు, నాలుగు ఊళ్ళు చూడొచ్చు, వీలైతే ఒక కథ రాసుకోవచ్చు అని. తీరా వెళ్ళాక ఆ నెల్లాళ్ళూ ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: టాకోమీటరు.

అదేమిటో చెప్పేముందు, ఇంట్లో విమానం చేసుకుంటే ప్రభుత్వం ఊరుకుంటుందా అని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది. అమెరికాలో దానికో ప్రత్యేక తరగతే ఉంది, 'ఎక్స్‌పెరిమెంటల్' అని. పనిలో సగానికి పైగా, వాళ్ళు వాడుకగా 51 శాతం అంటారు, సరదాకో నేర్చుకోవడానికో చేసేవాళ్ళ చేతులమీదుగానే జరగాలి. చివర్లో తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తారు. ఎక్కేవాళ్ళకి కనబడేలా 'ఎక్స్‌పెరిమెంటల్' అని పెద్దక్షరాలతో రాసిపెట్టాలి కూడా. ఎక్కబోయేవాళ్ళని ముందే హెచ్చరించడమన్నమాట! పాల్ పాబరెజ్నీ అనే ఆయన 1953లో మిల్వాకీలోనే ఇలాంటివాళ్ళ కోసం ఒక సంఘం పెట్టారు. మొదట్లో ఆఫీసు వాళ్ళింటి బేస్‌మెంటే. భార్య ఆడ్రీ ఆ పనుల్లో ఆయనకి కుడిభుజం. 1970 నుంచీ ఏటా జూలై చివర్లో ఆష్‌కాష్ అనే ఊళ్ళో జరిగే ఆ సంఘం తిరనాళ్ళకి లక్షల్లో జనం వస్తారు. విడిభాగాలు కిట్లుగా అమ్మే కంపెనీలున్నాయి. ఆరెగన్‌లోని ఒక్క వ్యాన్స్ కిట్లతో తయారై ఎగిరిన విమానాలే పదివేలు దాటాయిట. మన ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ ఏకంగా ఇంటి డాబా మీద విమానం తయారుచేసి, 2016లో ప్రదర్శనకి పెట్టిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

అక్క పాత్ర ఇందులో కాఫీలు అందించడం అనుకునేరు! అల్యూమినియం రేకుల్ని కలిపే రివెట్లు చాలామటుకు ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఇవతలనుంచి ఒకరు గన్నుతో కొడుతుంటే అవతల ఇంకొకరు బరువైన ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. అటువైపు మనిషి చెయ్యి కాస్త వంకరపోతే రివెట్ తల వంకరపోతుంది, దాన్ని మళ్ళీ తొలిచి తియ్యాలి. అలాంటివి వేలకి వేలు. ఆ దిమ్మ పట్టుకున్నది మా అక్క. తీగల పని కూడా చాలావరకు తనే నేర్చుకుని చేసింది. అన్నిటికంటే ముఖ్యం, పుస్తకం తనది. ఏ రోజు ఏం చేశారో, ఎన్ని గంటలు చేశారో ఫొటోలతో సహా రాసిపెట్టాలి. తనిఖీ రోజున 'మేమే చేశాం' అనడానికి సాక్ష్యం అదే. అక్క నాలుగు లాంగ్‌బుక్కులు నింపింది, సగం తెలుగులో సగం ఇంగ్లీషులో. మధ్యమధ్య పాలవాడి లెక్కలాగా "ఈరోజు ఆయన విసుగు, పని సున్నా" అని కూడా ఉంటుంది.

మేం వెళ్ళేసరికి విమానం ఇల్లు వదిలి ఊరి చివర చిన్న విమానాశ్రయంలో అద్దె షెడ్డుకి చేరింది. హ్యాంగర్ అంటారు. జూన్ 9న తనిఖీ. ఆ తేదీ బావగారు ఫ్రిజ్ మీద రాసి అంటించారు. వారానికి రెండు మూడుసార్లు వెళ్ళి ఇంజను నడిపి చూసుకుంటున్నారు. మొదటి ఆదివారాలు మేమూ వెళ్ళేవాళ్ళం. మే 14న వంశీ ప్రొపెల్లరు పట్టుకుని ఫొటో దిగాడు. ఊరికే నిలబడితే వాడు వంశీ ఎలా అవుతాడు! రెండు చేతులతో ఆ రెక్కని కిందికి లాగాడు. లోపల 'టక్' మని చప్పుడైంది. "పెదనాన్నా, ఏదో విరిగింది!" అని బెదిరిపోయాడు. "ఏం విరగలేదురా, అది అలాగే అంటుంది. తాళంచెవి నా జేబులో ఉందిగా, ఏమీ కాదు" అన్నారు బావగారు. నేను ఇంకోసారి లాగమని వీడియో కూడా తీశాను. ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా అత్తగారు మురిసిపోయి, ఆ ఫొటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించమన్నారు.

సరే, టాకోమీటరు. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే మీటరు అది. కార్లలో ఉన్నా మనం పట్టించుకోం. విమానంలో అలా కాదు. పైకి లేచేటప్పుడు ఇంజను పూర్తి శక్తి ఇస్తోందా లేదా అని పైలట్ చూసుకునేది ఆ అంకెనే. ఎగరబోయేముందు చేసే ముఖ్యమైన పరీక్షకీ అదే ఆధారం.

ఆ పరీక్ష కొంచెం చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. చిన్న విమానాల ఇంజనులో పెట్రోలు అంటుకోవడానికి నిప్పురవ్వ ఇచ్చే పరికరాలు రెండుంటాయి, ఒకటి పాడైనా రెండోది నడిపించేలా. మాగ్నెటోలు అంటారు. మన పాత సైకిళ్ళకి చక్రానికి ఆనుకుని తిరిగే డైనమో ఉండేది చూడండి, అలా తమ కరెంటు తామే పుట్టించుకుంటాయి. బ్యాటరీతో పని లేదు. తాళంచెవి దగ్గర ఆఫ్, ఆర్, ఎల్, బోత్ అని స్థానాలుంటాయి. బోత్ అంటే రెండూ పనిచేస్తాయి. ఆర్‌లో పెడితే ఎడమది ఆగి కుడిది ఒక్కటే, ఎల్‌లో పెడితే కుడిది ఆగి ఎడమది ఒక్కటే పనిచెయ్యాలి. ఇద్దరు లాగే బండిని ఒక్కరు లాగితే కాస్త నెమ్మదిస్తుంది కదా! అలాగే ఒక్క మాగ్నెటో మీద ఇంజను చుట్లు కొంచెం తగ్గుతాయి. 1700 దగ్గర పెట్టి ఒక్కో వైపూ చూస్తారు. తగ్గుదల 175 మించకూడదు, రెండువైపులకీ మధ్య తేడా 50 దాటకూడదు అని వాళ్ళ ఇంజను లెక్క.

బావగారి విమానంలో మీటరు రెండు మాగ్నెటోల నుంచీ వచ్చే తీగల మీద స్పందనలు లెక్కపెడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్క చుట్టుకి ఒక్కో మాగ్నెటో రెండు రవ్వలిస్తుంది. నిమిషానికి 3400 రవ్వలొస్తే దాన్ని రెండుతో భాగించి తెరమీద 1700 అని వేస్తుంది. రెండువైపుల్లో ఏ ఒక్కదాని నుంచి లెక్క అందినా దానికి చాలు.

మే 13 శనివారం పరీక్ష చేస్తే బోత్‌లో 1700. ఆర్‌లో 1700. ఎల్‌లోకి తిప్పగానే సున్నా! మధ్యమధ్య 300, 900 అని అర్థంలేని అంకెలు. ఇంజను మాత్రం నిక్షేపంగా తిరుగుతోంది. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే.

"ఎడమవైపు లెక్క అందడం లేదు. మీటరు డబ్బాలో ఎడమ ఇన్‌పుట్ పోయింది" అన్నారు బావగారు. ఆ మాట ఆయన రెండు వారాలు వదల్లేదు.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. పద్ధతి ప్రకారమే వెతికారు. ముందు ఇంజను నిజంగా ఎంత తిరుగుతోందో తెలియాలిగా! దానికి చేతిలో పట్టుకునే మీటరొకటి తెచ్చారు. అది తీగలతో సంబంధం లేకుండా, ప్రొపెల్లరు రెక్కలు అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు మారడాన్ని లెక్కపెడుతుంది. హ్యాంగర్లోనే ఊరికే స్విచ్ వేసి చూశారు. 3600 అంది! ప్రొపెల్లరు కదలనైనా కదలకుండా! వంశీ పొట్ట పట్టుకుని నవ్వాడు. బావగారు కూడా ఒక్క నిమిషం తెల్లబోయి, తరవాత పైకి చూసి తనూ నవ్వారు. పైన పాత ట్యూబులైట్లు. అక్కడ కరెంటు 60 సైకిళ్ళది, ట్యూబులైటు సెకనుకి 120 సార్లు మిణుకుమంటుంది. మన కంటికి తెలియదు, ఆ మీటరుకి తెలుస్తుంది. నిమిషానికి 7200 మిణుకులు, ప్రొపెల్లరుకి రెండు రెక్కలు కాబట్టి సగం చేసి 3600 అంటోంది. "మన తెనాలిలో అయితే 3000 అంటుంది, మనది 50 సైకిళ్ళు" అని అక్క నోటిలెక్క చేసి చెప్పింది. మీటరు మంచిదేనని తేలడానికి అంతకంటే మంచి పరీక్ష లేదుట!

బయట ఎండలోకి తీసుకెళ్ళి చూస్తే బోత్‌లో 1700, ఆర్‌లో 1700, ఎల్‌లో 1620. అంటే తెరమీది సున్నా అబద్ధం. అక్క పుస్తకంలో రాసుకుంది.

తరవాత మీటరు డబ్బా వెనక కుడి ఎడమ తీగలు అటువిటు మార్చి బిగించారు. డబ్బాలో లోపముంటే సున్నా ఎల్ నుంచి ఆర్‌కి మారాలి. మారలేదు. ఎల్‌లోనే సున్నా. డబ్బా నిర్దోషి అని అప్పుడే తేలిపోయింది, కానీ బావగారి మనసొప్పలేదు. మాగ్నెటో తీగకీ మీటరుకీ మధ్య ఒక రెసిస్టరు పెడతారు. మీటరు వైపు తీగ ఎక్కడైనా రాసుకుపోయి ఇంజను రేకుకి తగిలితే ఆ దెబ్బ మాగ్నెటోదాకా వెళ్ళకుండా అది కాపు. దాన్ని కొలిచారు, 30 వేల ఓములు. ఉండాల్సినంతే ఉంది. అయినా కొత్తది వేశారు. తాళంచెవి స్విచ్ నుంచి మీటరుదాకా తీగ పొడుగునా మల్టీమీటరు పెట్టి చూస్తే ఎక్కడా తెగలేదు. "ఇంక డబ్బానే మిగిలింది" అని కొత్త డబ్బాకి ఆర్డరిచ్చేశారు.

"స్విచ్ నుంచి ఇంజను వైపు తీగ చూడలేదు కదండీ" అంది అక్క.

"దానికేమైంది? ఎడమ మాగ్నెటో మీద ఇంజను చక్కగా తిరుగుతోందిగా! తీగ తెగితే తిరుగుతుందా? అసలు కుడివైపు చూడు, ఒక్క చుట్టు కూడా తగ్గడం లేదు. ఫస్ట్ క్లాస్!" అన్నారాయన. తనిఖీ తేదీ దగ్గరపడుతోందని ఆయన గొంతులో విసుగు. అక్క ఊరుకుంది. మన ఇళ్ళల్లో మనం ఊరుకున్నట్టే ఊరుకుంది.

మే 25 రాత్రి నాకు నిద్రపట్టక అక్క పుస్తకం తీసుకుని కూర్చున్నాను. విమానం అర్థమై కాదు, మధ్యలో అది రాసుకున్న ముక్కల కోసం. ఏప్రిల్ 22 పేజీలో ఇలా ఉంది: బోత్ 1700, ఆర్ 1630, ఎల్ 1620. తరవాత మే 13: బోత్ 1700, ఆర్ 1700, ఎల్ 0.

కథలు రాసేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. ఒకే రోజు ఇంట్లో ఇద్దరు మారిపోతే ఆ రెండింటికీ ఏదో సంబంధం ఉందని అనుకోకుండా ఉండలేం. పొద్దున్నే కాఫీ దగ్గర అక్కని అడిగాను. "ఎల్ సంగతి సరే, ఏప్రిల్లో ఆర్‌లో 70 తగ్గిందని రాశావు. మే 13 నుంచి తగ్గడమే లేదు. అదెందుకు మారింది?"

"బావగారు మంచిదేనన్నారే" అంది అక్క. అని, గ్లాసు కింద పెట్టింది. పుస్తకం లాక్కుని రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసింది. దాని మొహం మారిపోయింది. మాట్లాడకుండా ఫోన్ తీసింది.

పక్క హ్యాంగరులో ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్భై అయిదు దాటాయి. జీవితమంతా విమానం మెకానిక్‌గా పనిచేసి రిటైరై, ఇప్పుడు ఇళ్ళల్లో విమానాలు కట్టుకునేవాళ్ళకి ఉచితంగా సలహా చెబుతుంటారు. సంఘం తరఫున అలాంటివాళ్ళు చాలామంది ఉంటారుట. అక్క ఆయనకి మీటరు గోల అంతా చెప్పబోతే ఆయన మధ్యలోనే ఆపారు. ఫోన్ స్పీకరులో ఉంది, నేనూ విన్నాను.

"ఆర్‌లో ఎంత తగ్గిందన్నారు?"

"ఏమీ తగ్గలేదు."

అవతల కాసేపు మాటలేదు. "ఆ ప్రొపెల్లరు దగ్గరికి ఎవర్నీ వెళ్ళనివ్వకండి. చెయ్యి కూడా వెయ్యద్దు. రేపు నేను వస్తాను" అన్నారు.

మే 27 శనివారం. మమ్మల్నందరినీ దూరంగా, విమానం వెనకవైపు నిలబెట్టారు. చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టారు. బావగారు లోపల కూర్చుని ఇంజను స్టార్టు చేశారు. నెమ్మదిగా తిరిగేలా పెట్టాక పెద్దాయన సైగ చేశారు. బావగారు తాళంచెవి ఆఫ్‌కి తిప్పారు.

ఇంజను ఆగలేదు.

తాళంచెవి ఊడబీకి అద్దంలోంచి పైకెత్తి చూపించారు. ఆయన చేతిలో చెవి మెరుస్తోంది, ముందు ప్రొపెల్లరు తిరుగుతూనే ఉంది. మా వంశీ నా చెయ్యి పట్టుకుని "అమ్మా, చెవి తీసేసినా తిరుగుతోందేంటి?" అన్నాడు. నాకు అప్పటికే కాళ్ళలోంచి చల్లదనం పాకుతోంది. మే 14. 'టక్' మన్న చప్పుడు. ఇంకోసారి లాగరా అన్నది నేనే.

పెద్దాయన ఇంజనుకి పెట్రోలు అందకుండా చేసి ఆపించారు. తరవాత విమానం ముక్కు పక్కనే స్టూలు వేసుకుని విడమరిచి చెప్పారు. మన ఇంట్లో తీగ తెగితే లైటు ఆరిపోతుంది. మాగ్నెటో తీగ పని దానికి తలకిందులు. అది వెలిగించే తీగ కాదు, ఆర్పే తీగ. మాగ్నెటో తన మానాన తాను ఎప్పుడూ రవ్వ ఇవ్వడానికి సిద్ధంగా ఉంటుంది. తాళంచెవి ఆఫ్‌లో పెడితే ఆ తీగ మాగ్నెటోని ఇంజను శరీరానికి ఎర్త్ చేసి నోరు నొక్కుతుంది. తీగ తెగిపోతే ఇంక దాన్ని ఆపేవాళ్ళు లేరు. సైకిలు బ్రేకు తీగ తెగినట్టు. తొక్కుతున్నంతసేపూ సైకిలు బ్రహ్మాండంగానే పోతుంది, తెగిన సంగతి ఆపాల్సినప్పుడే తెలుస్తుంది.

ఎడమ మాగ్నెటో ఆర్పే తీగ మాగ్నెటో దగ్గరే తెగింది. మీటరు రవ్వలు లెక్కపెట్టుకునేది కూడా ఆ తీగ మీదే. కాబట్టి ఎల్‌లో లెక్క అందక సున్నా. ఆర్‌లో పెట్టినప్పుడు ఎడమది ఆగాలి, ఆపే తీగ లేదు కాబట్టి ఆగలేదు. రెండూ లాగుతూనే ఉన్నాయి. అందుకే ఒక్క చుట్టు కూడా తగ్గలేదు. మేం రెండు వారాలుగా పాడైందని తిట్టుకున్న అంకె, ఫస్ట్ క్లాస్ అని మురిసిన అంకె, రెండూ ఒక్క తీగ తెగడంవల్ల వచ్చినవే.

ఆ 'టక్' సంగతి నేనే అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. చేత్తో తిప్పినంత నెమ్మదిగా తిరిగితే మాగ్నెటో బలమైన రవ్వ ఇవ్వలేదు. అందుకని లోపల ఒక స్ప్రింగు ఏర్పాటుంటుంది. అది కాసేపు పట్టి ఉంచి ఒక్కసారిగా వదులుతుంది. వదిలినప్పుడు వచ్చే చప్పుడే అది. అంటే వంశీ రెక్క లాగినప్పుడల్లా లోపల రవ్వ పడిందన్నమాట. సిలిండర్లో కాస్త పెట్రోలు ఆవిరి ఉండి ఉంటే...? పెద్దాయన ఆ వాక్యం పూర్తిచెయ్యలేదు. ఈ ఇంజన్లని తాళంచెవితో కాకుండా పెట్రోలు కట్టేసి ఆపుతారు కాబట్టి సిలిండర్లు ఖాళీగా ఉన్నాయి. దానివల్ల బతికాం. బావగారు ఒక్కసారైనా చెవితో ఆపి చూసి ఉంటే మే 13నే తెలిసిపోయేది. ఇప్పుడు ప్రతిసారీ ఇంజను కట్టేముందు ఒక్క క్షణం ఆఫ్‌కి తిప్పి చూస్తున్నారు.

బావగారు మోకాళ్ళ మీద కూర్చుని వంశీని దగ్గరికి తీసుకున్నారు. ఏమీ అనలేదు. ఆయన చెయ్యి వణకడం నేను చూశాను.

తీగ వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు, కానీ మొదలుపెట్టేముందు పెద్దాయన స్పార్కు ప్లగ్గుల తీగలన్నీ ఊడదీయించారు. రవ్వ పుట్టినా సిలిండర్లోకి చేరే దారి ఉండకూడదు కదా! అదీగాక, పరీక్ష కోసం ఆర్పే తీగని మాగ్నెటో నుంచి విప్పడమంటే మనంతట మనం మాగ్నెటోని వదిలిపెట్టడమే. ఇంజను కవరు తీసి, విప్పిన తీగ చివర ఒక మల్టీమీటరు ముల్లు, ఇంజను ఇనుము మీద ఇంకో ముల్లు పెట్టారు. చెవి ఆఫ్‌లో ఉంది కాబట్టి దాదాపు సున్నా ఓములు రావాలి. మీటరు దారి లేదంది. తీగ కొంచెం వంచితే సున్నాకి వచ్చింది, వదిలితే మళ్ళీ పోయింది. ఆ 300, 900 అంకెలు ఇక్కడివన్నమాట. పైకి ప్లాస్టిక్ గొట్టం తొడుగు నున్నగా, అందంగా ఉంది. పెద్దాయన రెండు వేళ్ళతో మెల్లగా లాగితే కొసనున్న రింగు ఊడి చేతిలోకి వచ్చేసింది. లోపల రాగి పోగులన్నీ తెగి, ఒకటో రెండో ఆనుకుని ఉన్నాయి.

"ఇది బిగించింది ఎవరు?" అన్నారు బావగారు. కోపంగా కాదు, మామూలుగానే.

అక్క పుస్తకం తెరవలేదు. దానికి గుర్తే. కుడివైపు ఆయన, ఎడమవైపు తను. కిందటేడు నవంబరులో, చలికి గ్యారేజీలో వేళ్ళు కొంకర్లు పోతున్న రాత్రి. తరవాత నాకు ఆ పేజీ చూపించింది. "ఎడమ రింగు రెండోసారికి కుదిరింది. తీగ కొంచెం పొట్టి. చాల్లే అన్నారు." అలా రాసి ఉంది. పొట్టి తీగ బిగదీసినట్టు ఉండటంతో ఇంజను అదురు అంతా ఆ కొస మీదే పడింది. కొంచెం వదులు ఉంచి, రెండంగుళాల దూరంలో క్లాంపు వేసి ఉంటే అదురు క్లాంపు తీసుకునేది. పాలు నాదెంత, 'చాల్లే' అన్నవాళ్ళదెంత అని అక్క వాదించలేదు. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుంది. బావగారు కంచంలో పెరుగన్నం కలుపుకుని గదిలోకి తీసుకెళ్ళారు. లోపల ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వినాల్సిందీ కాదు.

మర్నాడు అక్కే కొత్త తీగ కోసింది. పెద్దాయన పక్కన నిలబడ్డారు, చెయ్యి వెయ్యలేదు. రింగు బిగించాక గట్టిగా లాగి చూడమన్నారు. తను లాగింది. బావగారు లాగారు. నేనూ లాగాను. ఆ చిన్న రింగుని మా ఇంటిల్లిపాదీ లాగి చూశాం, వంశీని తప్ప. వాణ్ణి కారులోంచి దిగనివ్వలేదు నేను. కొత్త మీటరు డబ్బా వచ్చింది, అట్టపెట్టె విప్పకుండానే వెనక్కి వెళ్ళింది.

జూన్ 9న తనిఖీ అయింది. మేం ఆ మర్నాడే బయల్దేరాం కాబట్టి విమానం ఎగరడం చూడలేదు. సెప్టెంబరులో బావగారు మొదటిసారి ఎగిరారు, ఒక్కరే. మొదటి 40 గంటలూ ఆ విమానంలో ఇంకెవర్నీ ఎక్కించుకోకూడదని వాళ్ళకిచ్చిన షరతు. అన్ని వేల రివెట్లకి దిమ్మ పట్టిన మనిషి కింద నిలబడి చెయ్యి ఊపిందిట. 2024 జూన్‌లో గానీ అక్క వంతు రాలేదు.

ఆ రోజు రాత్రి దాని దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. మేఘాలో, కింద సరస్సులో ఉంటాయనుకుని తెరిచాను. పుస్తకంలో పేజీ! "బోత్ 1700. ఆర్ 1630. ఎల్ 1620. ఆఫ్‌లో ఆగింది. ఇద్దరం వెళ్ళాం, 50 నిమిషాలు." కింద నా కోసం ఇంకో ముక్క: "వంశీగాడి ఫొటో అత్తగారి ఫోన్లో ఉందా ఇంకా?"

ఉంది. ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చూపిస్తూనే ఉన్నారు. ఫ్రేము సంగతి మాత్రం అడిగినప్పుడల్లా, స్టూడియోవాడు ఇంకా ఇవ్వలేదత్తయ్యా అంటున్నాను.